స్వేచ్ఛాయుత ఎన్నికలు: ఓటు పెట్టె నుంచి ఖర్చుల పద్దు దాకా

1951 అక్టోబర్ 25న హిమాచల్ ప్రదేశ్‌లోని చీని, పాంగీ తహశీళ్ళలో స్వతంత్ర భారతదేశపు తొలి సార్వత్రిక ఎన్నికల తొలి ఓట్లు పడ్డాయి. దేశమంతటికంటె ముందు ఆ మారుమూల కొండప్రాంతాలలో పోలింగు జరపడానికి రాజకీయ కారణమేదీ లేదు. మంచు కురిసి కనుమలు మూసుకుపోతే ఓటు పెట్టెలు పైకి చేరే దారి ఉండదు, చేరినవి కిందికి దిగే దారి ఉండదు. మిగిలిన దేశంలో పోలింగు పూర్తయ్యేసరికి 1952 ఫిబ్రవరి వచ్చింది. చీనిలో ఓటు వేసినవారు తమ ఓటు ఫలితం తెలుసుకోవడానికి ఒక శీతకాలమంతా ఎదురుచూశారు.

అంతకుముందు ఈ దేశంలో ఎన్నికలు లేకపోలేదు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం కింద 1937లోను, మళ్ళీ 1946లోను రాష్ట్ర శాసనసభలకు ఎన్నికలు జరిగాయి. అయితే ఆస్తి, పన్ను, చదువు అన్న అర్హతల జల్లెడలో నిలిచినవారికే ఓటు దక్కింది. 1937 నాటికి అలాంటివారు మూడు కోట్ల పైచిలుకు మాత్రమే. మద్రాసు రాజధానిలో అభ్యర్థులకు రంగుల పెట్టెలు కేటాయించారు. కాంగ్రెసు వారి పసుపుపచ్చ పెట్టె ఆనాటి ప్రచారంలో ప్రసిద్ధి పొందింది. 1950 రాజ్యాంగం ఆ జల్లెడను పక్కకు నెట్టింది. 326వ అధికరణం ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన ప్రతి పౌరునికీ ఓటు హక్కు ఇచ్చింది. మతం, జాతి, కులం, లింగ భేదాల ప్రాతిపదికపై ఎవరి పేరూ జాబితా నుంచి తప్పించరాదని 325వ అధికరణం నిర్దేశించింది. ఓటర్ల సంఖ్య ఒక్కసారిగా 17 కోట్ల 32 లక్షలకు చేరింది. వీరిలో అత్యధికులు అక్షరజ్ఞానం లేనివారు. తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా 1950 మార్చిలో బాధ్యతలు చేపట్టిన సుకుమార్ సేన్ ముందున్నది ఈ పని.

ఎన్నికల నిష్పాక్షికత అనగానే సాధారణంగా పోలింగు నాటి బెదిరింపులు, దొంగ ఓట్లు గుర్తుకు వస్తాయి. పరిపాలన తెలిసినవారికి మాత్రం ఎన్నిక మొదలయ్యేది ఓటర్ల జాబితా వద్దనే. సేన్‌కు ఎదురైన అతి విచిత్రమైన సమస్య కూడా అక్కడే తలెత్తింది. గణకులు ఇంటింటికీ వెళ్ళినపుడు లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పడానికి నిరాకరించారు. పరాయి పురుషుని ఎదుట పేరు ఉచ్చరించడం మర్యాద కాదన్న ఆచారం వారిది. కనుక ఫలానావారి భార్య అనో, ఫలానావారి తల్లి అనో, కూతురు అనో జాబితాలకెక్కారు. అటువంటి నమోదు చెల్లదని, ప్రతి స్త్రీ స్వంత పేరూ రాయాలని ఎన్నికల సంఘం ఆదేశించింది. కొంతమేరకు గడువు పెంచి, సవరణలకు అవకాశం కల్పించింది. అయినా దాదాపు 8 కోట్ల స్త్రీ ఓటర్లలో సుమారు 28 లక్షల మంది నమోదులను చివరకు కొట్టివేయవలసి వచ్చింది. వీటిలో అత్యధికం బీహారు, ఉత్తరప్రదేశ్, మధ్యభారత్, రాజస్థాన్, వింధ్యప్రదేశ్ రాష్ట్రాలవి.

ఈ నిర్ణయంపై అప్పుడే విమర్శ వచ్చింది. హక్కు ఇచ్చిన చేతితోనే తీసివేశారన్నది ఆ విమర్శ సారాంశం. కాని భర్త పేరుతోనే నమోదును అంగీకరించి ఉంటే ఏమయ్యేదో కూడ ఆలోచించాలి. ఆ పేరుతో ఎవరు వచ్చి ఓటు వేసినా కాదనడానికి ఆధారం ఉండేది కాదు. పైగా స్త్రీ స్వతంత్ర ఓటరు కాదు, కుటుంబ యజమాని ఓటుకు తోక మాత్రమే అని ప్రభుత్వ దస్తావేజే ఒప్పుకున్నట్టయ్యేది. సేన్ నిర్ణయం కఠినమైనది, ఆ ఎన్నికకు సంబంధించినంతవరకు అన్యాయమైనది కూడాను. తరువాతి ఎన్నికలకు అదే మేలు చేసింది. 1957 నాటికి ఈ సమస్య తీవ్రత బాగా తగ్గింది.

రెండవ చిక్కు ఓటు వేసే పద్ధతిది. చదువురాని ఓటరు పేరు చదివి గుర్తు పెట్టలేడన్న భావనతో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఏర్పాటు చేసి, దానిపై ఎన్నికల చిహ్నం అంటించారు. నాసిక్ సెక్యూరిటీ ప్రెస్సులో రూపాయి నోటు పరిమాణంలో అచ్చయిన చీటీని ఓటరు తెర వెనుకకు తీసుకువెళ్ళి, తనకు నచ్చిన పెట్టెలో వేయాలి. ఇందుకోసం దాదాపు 20 లక్షల ఉక్కు పెట్టెలు తయారయ్యాయి. ఒకరే రెండుసార్లు ఓటు వేయకుండా వేలికి చెరగని సిరా పూశారు.

పద్ధతి సులభమైనదే. లోపం తెర వెనుకనే ఉంది. అక్కడికి వెళ్ళిన ఓటరు చీటీని పెట్టెలో వేశాడో, జేబులో పెట్టుకొని బయటికి తెచ్చాడో చూసేవారు లేరు. బయటికి వచ్చిన చీటీకి గిరాకీ ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు. అలాంటి చీటీలు నాలుగైదు పోగయితే, వాటిని ఒకే మనిషి లోపలికి తీసుకువెళ్ళి ఒకే పెట్టెలో వేయవచ్చు. కొన్నిచోట్ల చీటీలు పెట్టెలో కాక, పెట్టె మీద వదలి వెళ్ళిన అమాయకులూ ఉన్నారు. రహస్య ఓటు కోసం కట్టిన తెరే మోసానికి చాటయింది. రెండు సార్వత్రిక ఎన్నికల అనుభవం తరువాత ఈ పద్ధతికి స్వస్తి చెప్పారు. 1962 సార్వత్రిక ఎన్నికలలో అభ్యర్థులందరి పేర్లు, చిహ్నాలు ఒకే ఓటు పత్రంపై అచ్చువేసి, నచ్చిన చిహ్నంపై ముద్ర వేసే విధానం దేశవ్యాప్తమైంది. చదువురాని ఓటరు చేతికి ముద్ర ఇస్తే పొరబడతాడన్న భయం నిజం కాలేదు.

ఆ దశాబ్దంలోనే మరొక ఏర్పాటు కూడా రద్దయింది. దాని కథ ఉత్తరాంధ్రతో ముడిపడి ఉంది. షెడ్యూల్డు కులాలకు, తెగలకు ప్రాతినిధ్యం కల్పించడానికి తొలి ఎన్నికలలో ద్విసభ్య నియోజకవర్గాలు ఏర్పాటు చేశారు. అక్కడి ఓటరుకు రెండు ఓట్లు. ఒక స్థానం రిజర్వు చేసినది, రెండవది అందరికీ తెరచినది. 1957లో లోక్‌సభకు ఇలాంటి నియోజకవర్గాలు 91 ఉండగా, వాటిలో పార్వతీపురం ఒకటి. కేంద్రంలో కార్మికశాఖ మంత్రిగా పనిచేసి, రాజీనామా చేసిన వి.వి. గిరి అక్కడ పోటీ చేశారు. ఇద్దరు షెడ్యూల్డు తెగల అభ్యర్థులు మొదటి రెండు స్థానాలలో నిలిచారు. అత్యధిక ఓట్లు వచ్చిన తెగ అభ్యర్థికి రిజర్వు స్థానం దక్కింది. మిగిలిన స్థానానికి అందరినీ లెక్కలోకి తీసుకున్నప్పుడు డిప్పల సూరిదొర ముందున్నారు. గిరి 565 ఓట్ల తేడాతో ఓడిపోయారు.

రిజర్వు స్థానానికి నామినేషను వేసిన వ్యక్తి జనరల్ స్థానాన్ని ఎలా పొందగలరన్నది గిరి వాదన. సూరిదొర తెగకు చెందినవారు కారని, క్షత్రియ ఆచారాలు అవలంబించి ఆ కులంలో చేరిపోయారని కూడా వాదించారు. 1959లో సుప్రీంకోర్టు ఈ రెండు వాదనలనూ తోసిపుచ్చింది. రిజర్వేషన్ అన్నది కనీస హామీయే కాని గరిష్ఠ పరిమితి కాదని ఆ తీర్పు నుంచి గ్రహించవచ్చు. న్యాయదృష్టితో చూస్తే ఇది సమంజసమైన ఫలితమే. రాజకీయ పక్షాలకు మాత్రం మింగుడుపడలేదు. 1961లో ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేసింది. అంత పెద్ద నియోజకవర్గంలో ప్రచారం కష్టమన్నది కూడా ఒక కారణమే. కాని రద్దుతో గిరిజన అభ్యర్థికి జనరల్ స్థానంలో గెలిచే ఆ సహజమైన దారి మూసుకుపోయిందన్న సంగతి అప్పటి చర్చలలో తగినంతగా వినిపించలేదు. ఓడిపోయిన గిరి తరువాత 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆ ఎన్నికపై వేసిన పిటిషన్‌లో సాక్షిగా స్వయంగా సుప్రీంకోర్టుకు హాజరయ్యారు. ఎన్నికల వ్యాజ్యంలో ఒకసారి ఫిర్యాదిగా, మరొకసారి ప్రతివాదిగా నిలిచిన అనుభవం ఆయనది.

1970, 80 దశకాలలో కొన్ని రాష్ట్రాలలో పోలింగు కేంద్రాలను బలప్రయోగంతో ఆక్రమించడం వ్యవస్థీకృత వృత్తిగా మారింది. ఓటు పత్రాల కట్టలు లాక్కొని ముద్రలు వేయడానికి కొద్దిమంది మనుషులు, అరగంట వ్యవధి చాలు. 1989లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి, పోలింగు కేంద్రాల ఆక్రమణను నిర్వచించి శిక్షార్హం చేశారు. అదే సవరణ ఓటింగు యంత్రాలకు చట్టబద్ధత కల్పించింది. యంత్రం కథ అంతకు ఏడేళ్ళ ముందే మొదలైంది. 1982 మే 19న కేరళలోని పరవూరు శాసనసభ ఎన్నికలో 84 పోలింగు కేంద్రాలకు గాను 50 కేంద్రాలలో యంత్రాలు వాడారు. 123 ఓట్లతో ఓడిన అభ్యర్థి కోర్టుకెక్కాడు. చట్టంలో యంత్రం ప్రస్తావన లేదు కనుక ఆ ఓటింగు చెల్లదని 1984లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ 50 కేంద్రాలలో కాగితంతో మళ్ళీ పోలింగు జరిపితే మొదట ఓడినవారే గెలిచారు. యంత్రం తప్పు లెక్కపెట్టిందని దీని అర్థం కాదు. రెండు పోలింగుల మధ్య రెండేళ్ళు గడిచాయి, ఓటర్ల మనసూ మారి ఉండవచ్చు.

హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన యంత్రాలు 1998లో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీలలోని 16 శాసనసభ స్థానాలలోను, 2004లో లోక్‌సభ స్థానాలన్నింటిలోను వాడుకలోకి వచ్చాయి. యంత్రంలో ఓటు వేయడానికి కొన్ని క్షణాల వ్యవధి తప్పదు కనుక, అరగంటలో కట్టలకొద్దీ గుద్దే పని కుదరదు. ఆక్రమణదారులను అడ్డుకున్నది పోలీసు బందోబస్తు ఎంతో, ఈ చిన్న ఆలస్యమూ అంతే. ప్రతిగా కొత్త సందేహం వచ్చింది. తన ఓటు ఎక్కడ పడిందో ఓటరు కంటికి కనిపించదు. 2013లో సుప్రీంకోర్టు ఓటు ధ్రువీకరణ చీటీ అవసరమన్నది. ప్రతిపక్షాలకు చెందిన 21 మంది నాయకులు ఎన్. చంద్రబాబు నాయుడు పేరిట వేసిన పిటిషన్‌పై 2019 ఏప్రిల్‌లో ఆ న్యాయస్థానం ఒక్కో శాసనసభ సెగ్మెంటులో ఐదు యంత్రాల చీటీలు లెక్కించాలని ఆదేశించింది. చీటీలన్నీ లెక్కించాలన్న కోరికను 2024 ఏప్రిల్‌లో తిరస్కరించింది.

ఎన్నిక అంటే గెలవడానికి మాత్రమే కాదని తెలుగు జిల్లాలు రెండుసార్లు చాటాయి. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ నుంచి 480 మంది అభ్యర్థులు పోటీలో నిలిచారు. ఫ్లోరైడు నీరు తాగి ఎముకలు వంగిపోతున్న గ్రామాల గోడును దేశం వినాలన్నది వారిలో అత్యధికుల ఉద్దేశం. ఓటు పత్రం పత్రంగా మిగలక పుస్తకమైంది. అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభ స్థానానికి 1033 మంది పోటీ చేశారు. దేశం మొత్తం మీద లోక్‌సభకు 13,952 మంది నిలిచారు. పార్లమెంటు త్వరగానే స్పందించింది. 1951 నుంచి మారని 500 రూపాయల లోక్‌సభ ధరావతును 10,000కు, శాసనసభ ధరావతును 250 నుంచి 5,000కు పెంచింది. గుర్తింపు పొందిన పార్టీకి చెందనివారికి పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నది. 1998లో లోక్‌సభ అభ్యర్థులు 4,750కి తగ్గారు. పరిపాలన దృష్టిలో ఇది విజయం. నల్లగొండ బావులలోని నీటికి సంబంధించి దానివల్ల జరిగినదేమీ లేదు.

2010లో ధరావతు 25,000 అయింది. అయినా 2019లో నిజామాబాదులో 185 మంది బరిలో నిలిచారు. వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న గిట్టుబాటు ధర కోరిన రైతులు. ఒక్కో పోలింగు కేంద్రంలో 12 ఓటింగు యూనిట్లు వరుసగా అమర్చవలసి వచ్చింది. ధరావతు పెంచితే ఉబుసుపోక పోటీచేసేవాడు ఆగుతాడేమో గాని, వేరే వేదిక దొరకని రైతు అప్పు చేసైనా నామినేషను వేస్తాడని నిజామాబాదు నిరూపించింది.

ఈ సంస్కరణలన్నింటిలో ఒక పోలిక కనిపిస్తుంది. ఓటరు చేతిని, ఓటు పత్రాన్ని, నామినేషను రుసుమును తాకే మార్పులు వేగంగానే జరిగాయి. పార్టీల ఖజానాను తాకే మార్పులు జరిగిన వేగం వేరు. తొలి ఎన్నికలలో చాలా రాష్ట్రాలలో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 25,000 రూపాయలు. పరిమితి మించితే ఎన్నిక చెల్లదు. అయితే అభ్యర్థి తరఫున పార్టీ పెట్టిన ఖర్చు ఎవరి పద్దులో పడాలి? 1971లో ఢిల్లీ సదర్ స్థానానికి జరిగిన ఎన్నికపై వచ్చిన వ్యాజ్యంలో 1974 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు జవాబు చెప్పింది. అభ్యర్థికి తెలిసి, అతని గెలుపు కోసం పార్టీ ఖర్చు పెడితే అది అతని ఖర్చే అవుతుందన్నది ఆ తీర్పు. డబ్బున్న పార్టీ అభ్యర్థికీ, లేని అభ్యర్థికీ మధ్య సమానత్వం లేనిచోట పరిమితికి అర్థం లేదన్నది అందులోని తర్కం. నెల తిరగకముందే ఆర్డినెన్సు వచ్చింది. పార్టీలు, మిత్రులు పెట్టే ఖర్చు అభ్యర్థి ఖర్చు కాదంటూ 77వ సెక్షనుకు ఒక వివరణ చేర్చారు. అంతకుముందు కోర్టు మూసిన కిటికీకి బదులు చట్టం సింహద్వారమే తెరిచిందని చెప్పక తప్పదు. ఈ వివరణ దాదాపు ముప్ఫై ఏళ్ళు నిలిచింది. 2003లో దానిని కుదించి, పార్టీ నాయకుల ప్రచార ప్రయాణ ఖర్చుకు మాత్రమే మినహాయింపు ఇచ్చారు.

ఈ ముప్ఫై ఏళ్ళలో నివేదికలకు కొదవ లేదు. 1990లో దినేశ్ గోస్వామి సంఘం, 1998లో ఇంద్రజిత్ గుప్తా సంఘం, 1999లో లా కమిషన్ 170వ నివేదిక వచ్చాయి. గుర్తింపు పొందిన పార్టీలకు ప్రభుత్వమే కొంత సహాయం వస్తురూపంలో అందించాలని గుప్తా సంఘం సూచించింది. కంపెనీల విరాళాలను 1969లో నిషేధించారు, 1985లో తిరిగి అనుమతించారు. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్ల పథకంలో ఇచ్చినవారి పేరు ఓటరుకు తెలియదు. ఓటరుకు సమాచార హక్కు ఉన్నదంటూ 2024 ఫిబ్రవరి 15న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పథకాన్ని కొట్టివేసింది. అభ్యర్థులు తమ నేరచరిత్ర, ఆస్తులు ప్రకటించాలన్న 2002, 2003 తీర్పులకు ఇది కొనసాగింపు. 2022లో సవరించిన పరిమితి ప్రకారం పెద్ద రాష్ట్రాలలో లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలు ఖర్చు పెట్టవచ్చు. పార్టీ ఖర్చుకు మాత్రం పరిమితి అంటూ చట్టంలో లేదు.

ఈ నియమాలను అమలుపరిచే సంస్థ స్వాతంత్ర్యం గురించి 1949 జూన్‌లోనే రాజ్యాంగ సభలో తర్జనభర్జన జరిగింది. ప్రధాన కమిషనర్ నియామకానికి పార్లమెంటు ఉభయసభలలో మూడింట రెండువంతుల ఆమోదం ఉండాలని శిబ్బన్‌లాల్ సక్సేనా కోరారు. ఆ వాదనలో బలమున్నదని అంబేద్కర్ అంగీకరించారు గాని నియామక పద్ధతిని పార్లమెంటు చేసే చట్టానికి వదిలారు. ఆ చట్టం రావడానికి డెబ్బయి ఏళ్ళు దాటింది. ఈ మధ్యకాలంలో సంస్థ గౌరవం వ్యక్తులపై ఆధారపడింది. పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన వి.ఎస్. రమాదేవి 1990లో కొద్దిరోజులు ఆ పదవి నిర్వహించిన తొలి మహిళ. ఆమె తరువాత వచ్చిన టి.ఎన్. శేషన్ ప్రవర్తనా నియమావళిని కాగితం మీది నుంచి వీధుల్లోకి దింపారు, ఫోటో గుర్తింపు కార్డులకు పట్టుబట్టారు. 1993 అక్టోబర్‌లో ఆయనకు తోడుగా తెలుగువారైన జి.వి.జి. కృష్ణమూర్తిని, ఎం.ఎస్. గిల్‌ను నియమించి, సంఘాన్ని త్రిసభ్యం చేశారు. శేషన్ దీనిని కోర్టులో సవాలు చేసి 1995లో ఓడిపోయారు. ప్రధానమంత్రి, ప్రతిపక్ష నాయకుడు, ప్రధాన న్యాయమూర్తి కూడిన సంఘం సలహాపై నియామకాలు జరగాలని 2023 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది, చట్టం వచ్చేదాకా అన్న షరతుతో. డిసెంబరులో వచ్చిన చట్టం ప్రధాన న్యాయమూర్తి స్థానంలో ఒక కేంద్రమంత్రిని ఉంచింది.

ఓటర్ల జాబితా ప్రశ్న 2025లో మళ్ళీ బీహారులోనే ముందుకు వచ్చింది. ప్రత్యేక సవరణ అనంతరం ఆగస్టు 1న వెలువడిన ముసాయిదా జాబితాలో, అంతకుముందున్న ఓటర్లలో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. మరణించినవారు, వలస వెళ్ళినవారు, రెండుచోట్ల నమోదైనవారు అన్నది వివరణ. తొలగిన ప్రతి పేరునూ, తొలగింపుకు కారణాన్నీ పోలింగు కేంద్రాల వారీగా ప్రకటించాలని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ జాబితా చూసి, బతికి ఉన్నవారు తాము బతికే ఉన్నామని చెప్పుకొనే వీలు కలిగింది. తొలి ఎన్నికలనాడు తొలగిన 28 లక్షల మంది విషయంలో అలాంటి ప్రకటన ఊహించడానికే వీలులేదు. ప్రకటించడానికి వారి పేర్లు ఏ కాగితంపైనా రాసి లేవు.